చెబితే ఫోన్ లాక్కుంటారు!

ఈ వారం మన శీర్షికలో శతదినోత్సవ షీల్డుల ముచ్చట్లు రాద్దామని కూర్చున్నాను. సినిమా వంద రోజులాడటం అనేది ఒకటుండేదని ఈ తరానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా! అయితే ఆ ముచ్చట ఎక్కడికీ పోదు, వచ్చేవారం చెప్పుకుందాం. మొన్న వచ్చిన ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం నా కలాన్ని పక్కకి లాగింది.

రాసింది డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. కోస్తాలో ఓ చిన్న ఊరు. ఊరూ పేరూ ఇక్కడ వెయ్యను, వెయ్యకూడదు కూడా. మన పత్రిక అట్టమీద బొమ్మ నచ్చితే రెండు కాపీలు కొంటుందట, ఒకటి చదవడానికీ ఒకటి గోడకీ. అంతవరకూ నవ్వుకుంటూ చదివాను. రెండో పేజీ నుంచి నవ్వు రాలేదు.

ఆ అమ్మాయికో చెల్లెలుంది. పదో తరగతి, పదిహేనేళ్లు. డాన్సు బాగా చేస్తుంది. హిట్టయిన ఒక పాటకి రీల్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. స్కూలు నుంచి వచ్చిన బట్టలతోనే చేసిందేమో, యూనిఫాం మీద బ్యాడ్జి కూడా కనబడుతూనే ఉంది. రెండు రోజుల తర్వాత ఒకాయన మెసేజ్ పెట్టాడు. తను కాస్టింగ్ డైరెక్టర్‌నన్నాడు. పేరున్న బ్యానర్ ఒకటి చెప్పాడు. హీరోగారి చెల్లెలి వేషానికి కొత్తమ్మాయి కోసం చూస్తున్నాం, నీ కళ్లు బాగా పలుకుతున్నాయన్నాడు. ముందు మూడు మామూలు ఫోటోలు అడిగాడు. తర్వాత మాటల్ని వాట్సాప్‌లోకి మార్చాడు. ఆ తర్వాత రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో స్క్రీన్ టెస్టన్నాడు. ‘ఇంట్లో అప్పుడే చెప్పకు, వేషం ఖాయమయ్యాక అందర్నీ ఆశ్చర్యపరుద్దువుగాని’ అన్నాడు. నాలుగో రోజున కాస్ట్యూమ్ టెస్టు పేరు చెప్పి అడగకూడని ఫోటోలు అడిగాడు. పిల్ల పంపనంది. అంతే, గొంతు మారింది. ‘నువ్వు పంపిన ఫోటోలు చాలు. మిగతాది నేను తయారుచేసి మీ స్కూల్లో అందరికీ పంపిస్తా’ అన్నాడు. స్కూలు పేరు కూడా రాసి మరీ బెదిరించాడట. బ్యాడ్జి మీద చూసుంటాడు.

రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపి, మూడో రాత్రి అక్క పక్కలో చేరి ఏడ్చింది. అక్క మనకి రాసింది. ఆఖర్న ఒకటే ప్రశ్న: “అమ్మానాన్నలకి చెప్పమంటారా? చెబితే చెల్లి ఫోన్ లాక్కుంటారు. నా ఫోనూ లాక్కుంటారు. నాన్నకి కోపమొస్తే పదో తరగతితో చదువు చాలనే మనిషి.”

ఉత్తరంలో నంబరుంది. పోస్టు మీద వదిలేసే విషయం కాదు కాబట్టి ఆ పూటే ఫోన్ చేసి చెప్పవలసింది చెప్పాను. ఆ చెప్పిందే కాస్త విడమర్చి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటారా? ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ఈ పేజీ చదువుతున్న మీలో చాలామందికి తమ్ముడో చెల్లెలో ఉంటారు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? మీకే. నాన్నగారి ఫోన్ మొరాయిస్తే ఎవర్ని కేకేస్తారు? మిమ్మల్నే. పిల్లలు కంగారు పడితే ముందు ఎవరి దగ్గరకొస్తారు? అదీ మీ దగ్గరకే. ఇటు పిల్లలకీ అటు పెద్దలకీ మధ్య దుబాసీలు మీరు.

ఇక జవాబు. చెప్పాలి. రేపూ ఎల్లుండీ కాదు, ఇవాళే.

వాడి చేతిలో ఏముందో ఒక్క క్షణం ఆలోచించండి. మూడు మామూలు ఫోటోలు, ఒక స్కూలు పేరు. అవి వాడి బలం కాదు. ‘ఈ పిల్ల ఇంట్లో చెప్పదు’ అన్న ధీమా, అదీ వాడి అసలు పెట్టుబడి! ఎందుకు చెప్పదూ? చెబితే ఫోన్ లాక్కుంటారు, తిడతారు, చదువు మాన్పిస్తారు. అంటే వాడి వ్యాపారానికి పెట్టుబడి పెడుతున్నది ఎవరో కాదు, ఆ ఇంటి పెద్దలే, తమకి తెలియకుండా. ‘ఇంట్లో చెప్పకు’ అన్న ముక్క ఈ మోసాలన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట వస్తుంది. రీలు చూసి మెచ్చుకోవడంతో మొదలైనా, ఆటలో స్నేహంతో మొదలైనా, ప్రేమతో మొదలైనా అక్కడికే చేరుతుంది.

ఇది కొత్త కథేం కాదు. నేను మద్రాసులో స్టూడియోల చుట్టూ తిరిగే కుర్ర విలేకరిగా ఉన్న రోజుల్లో ‘కొత్త నటీనటులు కావలెను’ అనే చిన్న ప్రకటనలు చూసి ఊళ్లనుంచి పిల్లలు దిగేవాళ్లు. ఫోటోతో పాటు మనియార్డరు పంపమనేవాళ్లు కొందరు, మనిషినే రమ్మనేవాళ్లు కొందరు. వడపళని వైపు ఒక లాడ్జి మెట్ల మీద ఒక కుర్రాణ్ణి చూశాను. పదిహేడేళ్లుంటాయి. నాన్న ధాన్యం అమ్మిన డబ్బులో ఐదువందలు పట్టుకొచ్చి ఓ ‘నిర్మాత’ చేతిలో పోశాడు. నిర్మాతా లేడు, ఆఫీసూ లేదు. ‘ఊరెళ్లిపో బాబూ, టికెట్టు కొనిస్తా’నన్నాను. వాడేమన్నాడో తెలుసా? మోసపోయినందుకు కాదండీ, మా నాన్న మొహం చూడాలంటే భయమన్నాడు. హోటల్లో కప్పులు కడుగుతూ నాలుగు నెలలు అక్కడే ఉండిపోయాడు. మోసగాడు తీసుకున్నది ఐదువందలు. మిగతా నాలుగు నెలలు తీసుకున్నది ఆ భయం.

ఇప్పుడు తేడా అల్లా దూరమే. అప్పుడు పిల్లవాడు రైలెక్కాలి, బుకింగ్ క్లర్కు చూస్తాడు, పక్కింటాయన స్టేషన్లో కనబడతాడు, ఎక్కడో ఓ చోట ఆగే వీలుండేది. ఇప్పుడు అమ్మ వంటింట్లో ఉప్మా కలుపుతుండగానే గదిలో పిల్ల కోడంబాకం చేరిపోతుంది.

సినిమా వేషాల సంగతొచ్చింది కాబట్టి మన రంగం గురించి నాలుగు ముక్కలు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని సినిమాలో పెట్టుకోవాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి ఇవ్వకుండా ఏకబిగిన 3 గంటలు దాటకూడదు. వచ్చే పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరిట బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వెయ్యాలి. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నిబంధనలుగా రాసిపెట్టారు ఇవన్నీ. ఆ చెల్లెలికి పదిహేను కాబట్టి ఈ లెక్కలు అక్షరాలా ఆమెవి కావు. కానీ పద్ధతి చూడండి. తల్లిదండ్రులూ కాగితాలూ సంతకాలూ లేకుండా మైనరుతో ఏ నిర్మాతా కాల్షీట్ మాట ఎత్తడు. అలాంటిది రాత్రి పదకొండింటికి, ఇంట్లో తెలియకుండా, వీడియో కాల్‌లో హీరో చెల్లెలైపోతుందా? ఇంకోటి. ఆడిషన్‌కి డబ్బు కట్టమన్నవాడు సినిమా తీసేవాడు కాడు. నటులకి సినిమావాళ్లు డబ్బిస్తారు (ఆలస్యంగా ఇస్తారేమో గాని), అడగరు.

సరే, ఆ రాత్రి అక్క ఏం చెయ్యాలో చెప్పాను. మొట్టమొదట, ఏదీ చెరిపెయ్యొద్దు. భయమేసినప్పుడు చెయ్యి ముందు వెళ్లేది డిలీట్ మీదకే. వాడి అకౌంటు పేరు, వాట్సాప్ నంబరు, బెదిరించిన మాటలు, తేదీ, టైము, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్లో దాచాలి. వాడితో వాదించొద్దు, బతిమాలొద్దు. డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఒకసారి పంపినవాడు మళ్లీ పంపుతాడని వాడికి తెలుసు, కాబట్టి బెదిరింపు ఆగదు, రేటు పెరుగుతుంది. ఆధారాలు దాచాక అకౌంటు మీద అక్కడే రిపోర్టు కొట్టి, అప్పుడు బ్లాక్ చెయ్యాలి. ఈ వరస తప్పకూడదు.

ఆ తర్వాతే నాన్నగారి దగ్గరకి.

ఇక్కడ ఒక సినిమా గుర్తుచేస్తాను. 2014లో వచ్చిన వెంకటేశ్, మీనాల ‘దృశ్యం’ మీరు చూసే ఉంటారు. రాంబాబు శవాన్ని ఎక్కడ దాచాడు, టికెట్లు ఎలా చూపించాడు, పోలీసుల్ని ఎలా బోల్తా కొట్టించాడు అని అందరం చెప్పుకున్నాం. ఆ కథంతా ఎక్కడ మొదలైంది? ఒక కుర్రాడు సెల్‌ఫోన్లో దొంగతనంగా తీసిన వీడియోతో ఆడపిల్లని బెదిరించడం దగ్గర! ఆ సినిమాలో ఆ కుర్రాడి తల్లి పోలీసు ఐజీ. కాబట్టి ఆ కుటుంబం పోలీసుల దగ్గరకి వెళ్లలేకపోయింది, కథ అంత దూరం వెళ్లింది. మన ఇళ్లలో బెదిరించేవాడి తల్లి ఐజీ కాదు లెండి! మనకి అడ్డొచ్చేది పరువు ఒక్కటే.

పరువు గురించి పెద్దలకి ఎలా చెప్పాలో ఆ అమ్మాయికి చెప్పాను. నాన్న భోంచేసి కూర్చున్నాక, అమ్మ కూడా పక్కనుండగా, చెల్లి లేనప్పుడు ముందు నువ్వే మొదలుపెట్టు. “నాన్నా, ఒకడు చెల్లిని మోసం చెయ్యాలని చూశాడు. చెల్లి లొంగలేదు. నేను చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో లేవకండి.” ఈ వరసలోనే చెప్పాలి. వాడు, మోసం, లొంగలేదు. అదే కథని ‘చెల్లి ఇన్‌స్టాలో ఎవడితోనో మాట్లాడింది’ అని మొదలుపెడితే రెండో వాక్యం ఆయన చెవికెక్కదు. స్క్రీన్‌ప్లే సంగతి మీకు నేను చెప్పాలా? ఏ సీను ముందు వస్తే ప్రేక్షకుడు ఎవరి పక్షాన ఉంటాడన్నది అంతా అందులోనే ఉంది.

ఆ వెంటనే నాన్నగారు అనేది ఎలాగూ మనకి తెలుసు: ‘పోలీసు స్టేషన్ మెట్లెక్కితే ఊరంతా తెలుస్తుంది’. అందుకు జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది, మగపిల్లలకి కూడా. పిల్లల బొమ్మని పెట్టి అసభ్యంగా బయటపెడతానని బెదిరిస్తే, ఆ బొమ్మ నిజమైనదైనా కల్పించినదైనా నేరమేనని అందులో స్పష్టంగా ఉంది. మూడేళ్ల దాకా జైలు. పిల్ల చెప్పేది ఇంటి దగ్గరే, లేదా ఆమె కోరుకున్న చోట రాసుకోవాలి. వీలైనంతవరకు మహిళా అధికారి రాసుకోవాలి. వచ్చేవాళ్లు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. పేరూ ఫోటో ఊరూ పత్రికలు వెయ్యకూడదు. (ఊరు వెయ్యకూడదని మొదట్లో అన్నానే, అది నా మంచితనం కాదు, చట్టం!) పైగా ఇలాంటి నేరం తెలిసిన పెద్దవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలని కూడా అదే చట్టం అంటోంది. కాబట్టి ‘చెప్పాలా వద్దా’ అనే ప్రశ్నకి నా సలహా కంటే ముందే జవాబుంది.

స్టేషన్‌కి వెళ్లడానికి ముందే ఇంట్లో కూర్చుని చేసే పనులూ ఉన్నాయి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో ఆడవాళ్ల మీదా పిల్లల మీదా జరిగే నేరాలకి విడిగా ఒక విభాగముంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు రాయొచ్చు. డబ్బు పోయినప్పుడు వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకుల్లో ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పిల్లల కోసం 1098 ఉంది. నేరం మా పరిధిలోది కాదని ఏ స్టేషన్లోనైనా అంటే, ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ చట్టంలో రాసి ఉంది, మర్యాదగా గుర్తు చెయ్యొచ్చు.

‘ఫోటోలు నిజంగానే బయటికొస్తే?’ అని ఆ అక్క అడిగింది. దీనికీ ఒక ఉపాయముంది. ‘టేక్ ఇట్ డౌన్’ అని అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ 2023లో మొదలుపెట్టిన ఉచిత సేవ. పద్దెనిమిదేళ్లలోపు తీసిన అసభ్య చిత్రాల కోసం అది. ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్లోనే ఆ ఫోటోకి వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి ఇందులో చేరిన సంస్థలు ఆ గుర్తుతో సరిపోలిన ఫోటోని తమ దగ్గర పట్టుకుని తీసేస్తాయి. అన్నిచోట్లా పనిచెయ్యదు. వాట్సాప్‌లో మనిషికీ మనిషికీ మధ్య వెళ్లేదాన్ని ఆపలేదు. అయినా స్కూలంతా చూస్తుందన్న భయంలో కూర్చున్న పిల్లకి, చెయ్యడానికి ఒక పనంటూ ఉంటే ఎంతో మేలు.

తయారుచేసిన బొమ్మల మాటొచ్చింది కాబట్టి రష్మిక మందన్న సంగతి చెప్పుకోవాలి. 2023 నవంబర్లో లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో దేశమంతా తిరిగింది. ఒళ్లు వేరే ఆవిడది, మొహం రష్మికది. డీప్‌ఫేక్ అనే మాట మన ఊళ్లలోకి వచ్చింది ఆ వీడియోతోనే. అప్పుడు రష్మిక చెప్పిన మాటలో ఒక ముక్క నాకు బాగా గుర్తుంది. నటిగా ఇవాళ నాకు అండగా కుటుంబం, స్నేహితులు ఉన్నారు, ఇదే నేను స్కూల్లోనో కాలేజీలోనో ఉండగా జరిగితే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని ఆవిడ భావం. అంత పెద్ద తారకే కావలసింది చుట్టూ ఉన్న మనుషులైతే, పదో తరగతి పిల్ల సంగతేమిటి?

2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న నిందితుడు ఎక్కడివాడు? మన గుంటూరు ప్రాంతపు యువకుడు. ఆమె పేరు మీద ఫ్యాన్ పేజీ నడిపేవాడట! ఫాలోవర్లు పెరగడం కోసం ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానం ఎక్కడికి దారితీసిందో చూడండి. మీలో ఫ్యాన్ పేజీలు నడిపేవాళ్లున్నారు, నాకు తెలుసు. అవతలి హీరో అభిమానిని, వాడి ఇంటి ఆడవాళ్లని బూతులు తిడుతున్న పదిహేనేళ్ల తమ్ముళ్లూ ఉన్నారు. అమ్మానాన్నలు తమ పిల్లవాడు మోసపోతాడేమోనని భయపడతారు గాని, క్లాసులో అమ్మాయి మొహాన్ని తీసుకుని యాప్‌లో ఆడుకునేవాడు తమ పిల్లవాడే కావచ్చన్న ఆలోచన రాదు. వాడి మీద కూడా అదే చట్టం కింద కేసు పెడతారు. ఈ మాట ఇంట్లో ఎవరో ఒకరు వాడికి చెప్పాలి. నాన్న చెబితే ఉపన్యాసమవుతుంది, అన్నయ్య చెబితే వింటాడు.

మగపిల్లాడికేం భయం అంటారు మనవాళ్లు. అదే పొరపాటు. అమ్మాయి ఫోటో పెట్టుకున్న అకౌంటు స్నేహం చేస్తుంది, వీడియో కాల్‌కి పిలుస్తుంది, అవతల రికార్డవుతుంది. అయిదు నిమిషాల్లో వాడి ఫాలోవర్ల జాబితా వాడికే పంపి ‘వీళ్లందరికీ పంపనా’ అంటారు. ఆడపిల్ల అక్క దగ్గరకైనా వెళ్లి ఏడుస్తుంది. మగపిల్లాడు ఏడవడు, నాన్న పర్సులో చెయ్యి పెడతాడు, లేదా ఇంకేదైనా చేసుకుంటాడు. వాడు తిండి మానేసినా, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా ‘ప్రేమలో పడ్డావేంట్రా’ అని ఏడిపించకుండా పక్కన కూర్చోండి.

అన్నట్టు, ఫ్రీగా సినిమా చూపించే దొంగ సైట్ల గురించి కూడా ఓ మాట. 2025 నవంబర్లో ఐబొమ్మ కేసులో అరెస్టు జరిగినప్పుడు, ఆ సైటు ద్వారా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం సాగిందని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. తమ్ముడు చూసేది సినిమా, నొక్కేది ఇంకోటి. ఇంతకంటే ఎక్కువ చెబితే నిర్మాతల మండలి తరఫున మాట్లాడుతున్నానంటారు.

మరి పెద్దలేం చెయ్యాలి? మీ ద్వారా వాళ్లకి చేరాల్సింది నా లెక్కలో ఒకటే పెద్దది. గొడవ జరగక ముందే, ప్రశాంతంగా ఉన్న రోజున, నాన్నగారు పిల్లలతో ఒక మాటనాలి: ‘ఫోన్లో ఏం జరిగినా, తప్పు నీదైనా సరే, వచ్చి చెబితే ఫోన్ తీసుకోను’. అని, ఆ మాట మీద నిలబడాలి. నిలబడటమే కష్టం. ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టే నాన్న సినిమాలో బావుంటాడు. ఇంట్లో మాత్రం ఆయన పగలగొట్టింది సాక్ష్యాన్ని. దొంగ వదిలిన వేలిముద్రల్ని ఆయనే తుడిచేసినట్టు. పైగా ఆ చప్పుడు విన్న రెండో పిల్లవాడు ఇక జన్మలో ఏదీ చెప్పడు.

రహస్యంగా మెసేజ్‌లు చదివే అమ్మలున్నారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ పట్టుబడిన రోజున పిల్ల రెండో అకౌంటు తెరుస్తుంది, అది అమ్మకి కనబడదు. పదేళ్ల పిల్లవాడి ఫోన్ చూడటం వేరు, పదహారేళ్లవాడిది చూడటం వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్లు అని ఉన్నాయి, మన దేశంలోకి 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. పద్దెనిమిది నిండనివాళ్ల అకౌంటు దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, పదహారు నిండనివాళ్లు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. పెద్దలు దానికి తమ అకౌంటు కలుపుకుంటే పిల్లలు ఈ వారంలో ఎవరెవరితో మాట్లాడారో కనబడుతుంది, ఏం మాట్లాడారో కనబడదు. ఆ మాత్రం చాలని నా అభిప్రాయం. అయితే ఇదంతా పనిచేసేది పిల్లలు నిజమైన పుట్టినరోజు ఇస్తేనే. ఇన్‌స్టాగ్రామ్ లెక్క ప్రకారం మన ఎనిమిదో తరగతి పిల్లలందరూ ఓటు హక్కున్న పౌరులే! ఈ ఆదివారం తమ్ముడి పక్కన కూర్చుని ఆ తేదీ సరిచేయించండి. గంట పట్టదు.

రాత్రి పదయ్యాక ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టడం ఇంకో పద్ధతి. అన్నీ అంటే అన్నీ. నాన్నగారి ఫోన్ కూడా. పిల్లల ఫోన్లు హాల్లో పెట్టించి తను మంచం మీద రీల్స్ చూస్తుంటే ఆ చట్టం వారం కూడా ఆడదు. ఫ్లాప్!

అమ్మలకి ఒక మనవి. పిల్ల మొదటి ర్యాంకు తెచ్చుకుందని స్కూలు పేరు, తరగతి, ఐడీ కార్డు కనబడేట్టు ఫోటో తీసి అందరికీ కనబడే స్టేటస్‌లో పెడతారు. ఆ చెల్లెలి బ్యాడ్జి వాడికి ఎలా పనికొచ్చిందో చూశారుగా. ర్యాంకు పెట్టండి, బ్యాడ్జి కత్తిరించండి. కత్తిరించడం రాకపోతే ఎవర్ని కేకెయ్యాలో మీకు తెలుసు.

ఈ పేజీ మీ అమ్మానాన్నల చేత చదివించడం ఎలా అంటారా? ఇవ్వకండి, ఇస్తే అనుమానపడతారు. పత్రికని ఈ పేజీ పైకి వచ్చేట్టు మడిచి హాల్లో టీపాయ్ మీద వదిలేయండి. నడిమి పేజీ బొమ్మ కోసం నాన్నగారు ఎలాగూ తీస్తారు.